పాతకాలపు విలాస కార్లలో క్రాంక్‌షాఫ్ట్ అదురు: ఇంజిన్ విప్పకముందే కారణం కనిపెట్టడం ఎలా

పాతకాలపు పెద్ద కారు ఏదో ఒక వేగం దగ్గర అదరడం మొదలుపెడితే, మన విశాఖపట్నంలో చాలామంది యజమానులు చేసే మొదటి పని ఇంజిన్ దింపించి క్రాంక్‌షాఫ్ట్‌ను, అంటే పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే ఇరుసును, గ్రైండింగ్‌కు పంపడం. అది మొదట కాదు, అన్నీ చూశాక ఆఖరున చేయవలసిన పని. వందేళ్ల నాటి క్రాంక్‌కు మారు దొరకడం చాలా కష్టం, జర్నల్ మీద నుంచి, అంటే బేరింగ్‌లో తిరిగే నున్నని భాగం మీద నుంచి, ఒకసారి తీసేసిన లోహం తిరిగి రాదు. అదురుకు కారణమేమిటో ఇంజిన్ నడుస్తుండగానే చాలావరకు తెలుసుకోవచ్చు. అందుకు ఖరీదైన పరికరాలు అక్కరలేదు. అదురు ఏ వేగంలో పుడుతోంది, ఏ వేగంలో పోతోంది, సెకనుకు ఎన్నిసార్లు కొడుతోంది అనే మూడు సంగతులను ఓపికగా పుస్తకంలో రాసుకుంటే చాలు.

నేను ఓడల ఇంజిన్ గదుల్లో పనిచేసి ఈ పాత కార్ల వైపు వచ్చినవాణ్ణి. మన పోర్టుకు వచ్చే చాలా ఓడల్లో, ప్రధాన ఇంజిన్ వేగం చూపే మీటరు మీద కొంత మేర ఎర్ర పట్టీ ఉంటుంది. ఆ వేగంలో ఇంజిన్‌ను నిలపకూడదు, త్వరగా దాటించేయాలి. షాఫ్ట్ తన సహజమైన లయలో మెలితిరగడం, సిలిండర్ల పేలుళ్ల లయ, ఈ రెండూ ఆ వేగంలో కలిసిపోతాయి. తడి బట్టను పిండేటప్పుడు రెండు చేతులు రెండు వైపులకు తిరిగినట్టు, షాఫ్ట్ ఒక కొస ముందుకు, మరో కొస వెనక్కు క్షణక్షణం మెలితిరుగుతుంది. దీన్నే ఇక్కడ మెలి కంపనం అంటున్నాను. పొడవైన ఆరు సిలిండర్ల కారు ఇంజిన్‌కూ ఇదే జబ్బు ఉంటుంది, కాకపోతే దాని మీటరు మీద ఎర్ర పట్టీ గీసిపెట్టేవారు లేరు.

ఈ జబ్బు మొదట విలాస కార్లలోనే ఎందుకు కనిపించిందో తెలుసుకుంటే వెతకవలసిన చోటు కూడా తెలుస్తుంది. కుదుపులేని నడక కోసం తయారీదారులు నాలుగు సిలిండర్ల నుంచి ఆరింటికి వెళ్లారు. 1904 నాటికే నేపియర్ కంపెనీ ఆరు సిలిండర్ల కార్లు అమ్ముతోంది. వరుసలో ఆరు సిలిండర్లున్న ఇంజిన్‌లో పిస్టన్ల పైకీ కిందికీ కదిలే బలాలు ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి గనుక అది నునుపుగా నడవాలి. అయితే క్రాంక్ పొడవు పెరిగింది, ఆనాటి జర్నళ్లు సన్నగా ఉండేవి, కాబట్టి షాఫ్ట్ మెలితిరగడం సులువైంది. 1905-06లో రోల్స్‌రాయిస్ తయారుచేసిన 30 హార్స్‌పవర్ ఆరు సిలిండర్ల కారులో క్రాంక్‌షాఫ్ట్‌లు విరిగిపోవడం పెద్ద సమస్య అయింది. ఆ తరువాత హెన్రీ రాయిస్ 1906 నవంబరులో చూపించిన 40/50 మోడల్‌లో, అంటే తరువాత సిల్వర్ ఘోస్ట్‌గా పేరుపొందిన కారులో, సిలిండర్లను మూడు జంటలుగా కాకుండా మూడేసి చొప్పున రెండు బ్లాకులుగా అమర్చి, బలమైన క్రాంక్‌ను ఏడు మెయిన్ బేరింగ్‌ల మీద నిలిపాడు. ఆ ఇంజిన్ 7,036 సీసీ, దాని బోరు, స్ట్రోకు రెండూ 114.3 మిల్లీమీటర్లే. క్రాంక్ ముందు కొసన, రాపిడితో జారే చిన్న ఫ్లైవీల్‌ను పెట్టి మెలి కంపనాన్ని మింగించే పద్ధతిని రాయిస్ అనుసరించాడు. 1910 ప్రాంతంలో ఫ్రెడరిక్ లాంచెస్టర్ డైమ్లర్ ఇంజిన్ల కోసం ఇదే సూత్రం మీద డంపర్ రూపొందించాడు. మనం చివరకు వెళ్లి చూడవలసినది తరచుగా ఈ చిన్న చక్రాన్నే.

పరీక్ష మొదలుపెట్టేముందు ఇంజిన్‌ను పరీక్షకు తగిన స్థితిలోకి తేవాలి. ఆ రోజుల్లో క్రాంక్‌కేస్ చేతులను చాలా కార్లలో నేరుగా ఛాసిస్‌కు బోల్టులతో బిగించేవారు. రబ్బరు మీద ఇంజిన్‌ను తేలియాడించే పద్ధతికి ప్రచారం వచ్చింది 1931లో ప్లిమత్ కారుతోనే. అందువల్ల ఒక్క బోల్టు వదులైనా, ఒక బ్రాకెట్‌లో పగులున్నా, మామూలు కదలిక కూడా క్రాంక్ అదురులా తోస్తుంది. ముందుగా ఈ బోల్టులన్నీ చూడండి. ఆ తరువాత ప్లగ్గులు, మాగ్నెటో పాయింట్లు, వాల్వ్ సందులు, ప్రతి సిలిండర్ కంప్రెషన్ చూసి అంకెలు రాసుకోండి. ఇప్పుడు బంకుల్లో దొరికే ఇథనాల్ కలిసిన పెట్రోలులో ఆక్సిజన్ ఉంటుంది గనుక, కార్బురేటర్‌లో పెట్రోలు వదిలే పాత జెట్‌తోనే నడిపితే మిశ్రమం పలచబడి సిలిండర్లు అప్పుడప్పుడు పేలకుండా వదిలేస్తాయి. క్రాంక్ పోయిందనుకుని నా దగ్గరకు తెచ్చిన ఇంజిన్లలో జెట్ మార్చగానే కుదుటపడినవి ఉన్నాయి.

ఇప్పుడు వేగం కొలవాలి. క్రాంక్ పుల్లీ మీద గానీ ఫ్లైవీల్ అంచు మీద గానీ మెరిసే టేపు ముక్క అంటించి, లేజర్ టాకోమీటర్‌తో చూస్తే నిమిషానికి ఎన్ని చుట్లో తెలుస్తుంది. అదురు సెకనుకు ఎన్నిసార్లు కొడుతోందో చూడడానికి ఫోన్‌లోని కంపనాలు కొలిచే యాప్ చాలు. ఫోన్‌ను సిలిండర్ హెడ్ మీద కాకుండా, వేడి తగలని ఛాసిస్ చేయి మీద గట్టిగా పట్టి ఉంచాలి. ఫ్యాన్ బ్లేడ్లకు ఆనాటి కార్లలో కాపు ఉండదని మరచిపోవద్దు, లుంగీతోనో వదులు చొక్కాతోనో దగ్గరకు వెళ్లవద్దు.

లెక్క తేలికైనది. ఇంజిన్ నిమిషానికి 600 చుట్లు తిరుగుతోందంటే సెకనుకు 10 చుట్లు. అదురు సెకనుకు 5 సార్లు కొడుతుంటే, అంటే రెండు చుట్లకు ఒకసారి వస్తుంటే, అది క్రాంక్ దోషం కాదు. ఒక సిలిండర్ సరిగా పేలడం లేదు, లేదా దాని వాల్వ్ సరిగా మూసుకోవడం లేదు. సెకనుకు సరిగ్గా 10 సార్లు వస్తుంటే, తిరిగే భాగంలో ఎక్కడో ఒకవైపు బరువు ఎక్కువైంది. 20 సార్లు వస్తుంటే ఇంజిన్ రకం చూడాలి. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో ఈ అదురు పుట్టుకతోనే ఉంటుంది, దాన్ని ఏ మెకానిక్కూ పోగొట్టలేడు. 1914లో వచ్చిన కాడిలాక్ వీ8 క్రాంక్ కూడా నాలుగు సిలిండర్ల క్రాంక్‌లాగే ఒకే తలంలో ఉండేది గనుక దానికీ ఈ రెట్టింపు అదురు ఉండేది, అయితే అది పక్కవాటుగా వచ్చేది. 1923లో ఆ కంపెనీ రెండు తలాల క్రాంక్‌ను తెచ్చి దాన్ని తొలగించింది. కాబట్టి మీ కారు 1923కు ముందుదా తరువాతదా తెలియకుండా వీ8 అదురు గురించి తీర్పు చెప్పకూడదు.

ఒక్కో సిలిండర్‌ను విడిగా పరీక్షించడం పాత పద్ధతే, నేటికీ దాన్ని మించినది లేదు. ఇంజిన్ నిదానంగా తిరుగుతుండగా చెక్క పిడి ఉన్న స్క్రూడ్రైవర్‌తో ప్లగ్ కొసను సిలిండర్ ఇనుముకు తాకించి ఒక్కో సిలిండర్‌నూ ఆపండి. మాగ్నెటో షాక్ గట్టిగా తగులుతుంది, పొడి రబ్బరు తొడుగులు వేసుకోండి. ప్రతి సిలిండర్ ఆగినప్పుడూ వేగం దాదాపు ఒకే మేర పడిపోవాలి. ఏ సిలిండర్‌ను ఆపినప్పుడు వేగం తగ్గదో అదే దోషి. ఇందులోనే ఇంకొక సంగతి కూడా వినవచ్చు. ఒక సిలిండర్‌ను ఆపగానే కిందనుంచి వచ్చే ‘టక్ టక్’ మెత్తబడితే, ఆ సిలిండర్ కనెక్టింగ్ రాడ్‌ను క్రాంక్‌కు కలిపే బిగ్ ఎండ్ బేరింగ్ వదులైందని అర్థం. మెయిన్ బేరింగ్ వదులైతే శబ్దం ఇంకా బరువుగా ఉంటుంది, దానికి పక్కనున్న రెండు సిలిండర్లలో దేన్ని ఆపినా కొంత తగ్గుతుంది. పొడవాటి స్క్రూడ్రైవర్ కొసను క్రాంక్‌కేస్‌కు ఆనించి పిడిని చెవికి పెట్టుకుంటే ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

సిలిండర్లన్నీ సమంగా ఉన్నాయని తేలాక బరువు తేడా సంగతి చూడాలి. దాని గుర్తు ఏమిటంటే, వేగం పెరిగేకొద్దీ అది ఆగకుండా పెరుగుతుంది, మధ్యలో తగ్గదు. వేగం రెట్టింపైతే బలం నాలుగింతలవుతుంది. క్రాంక్ కేంద్రానికి 60 మిల్లీమీటర్ల దూరంలో 50 గ్రాముల తేడా ఉందనుకుందాం. 1,000 చుట్ల దగ్గర అది మూడు కిలోలకు మించిన బరువుతో లాగుతుంది, 2,000 చుట్ల దగ్గర పదమూడు కిలోలు దాటుతుంది. న్యూట్రల్‌లో రేస్ చేసినా, బండి లోడులో ఉన్నా ఈ అదురు ఒకేలా ఉంటుంది. దీనికి కారణం చాలాసార్లు తరువాతి మరమ్మతుల్లోనే దొరుకుతుంది. ఒకటో రెండో పిస్టన్లను మాత్రమే అల్యూమినియంవి వేసి మిగతావి పాత ఇనుపవి వదిలేసి ఉండవచ్చు, ఫ్లైవీల్‌ను దింపి గుర్తు చూడకుండా వేరే రంధ్రాల్లో బిగించి ఉండవచ్చు, లేదా క్లచ్ కోన్‌కు కొత్త తోలు వేసినప్పుడు రివెట్లు ఒకవైపు ఎక్కువ పడి ఉండవచ్చు. క్లచ్‌ను తొక్కి పట్టినప్పుడు అదురు మారితే దోషం క్లచ్ వైపుకు జరిగిందని గ్రహించండి.

ఇక రోడ్డు పరీక్ష. రుషికొండ దాటాక భీమిలి వైపు బీచ్ రోడ్డు తెల్లవారుజామున ఖాళీగా ఉంటుంది, వేగాన్ని ఒకేచోట నిలిపి వినడానికి అది అనువైనది. కారు అదిరే వేగానికి చేరాక క్లచ్ తొక్కి ఇంజిన్‌ను నిదానానికి తెచ్చి, బండిని దొర్లనివ్వండి. అదురు బండి వేగంతోపాటే కొనసాగితే అది ప్రొపెల్లర్ షాఫ్ట్, చక్రాలు, లేదా వెనుక యాక్సిల్‌ది. ఇంజిన్‌తోపాటే పోతే అది ఇంజిన్‌దే. అదే రోడ్డు మీద గేరు మార్చి చూస్తే మరింత నమ్మకం కుదురుతుంది, ఎందుకంటే మూడో గేరులోనూ నాలుగో గేరులోనూ అదురు వచ్చేది ఒకే ఇంజిన్ వేగం దగ్గరైతే ఇక సందేహం లేదు. లోడులో చూడడానికి సింహాచలం కొండ రోడ్డు పనికివస్తుంది. యాత్రికుల రద్దీ లేని రోజున, బ్రేకులు ముందే సరిచూసుకుని, పై గేరులో నిండుగా యాక్సిలరేటర్ ఇచ్చి ఎక్కించండి. చదునులో వినిపించని గుర్రు ఎక్కుడులో వినిపిస్తే, స్టీరింగ్ మీది ఇగ్నిషన్ లివర్‌ను కొంచెం వెనక్కి తీసి చూడండి. అప్పుడు గుర్రు తగ్గితే, పేలుడు ముందుగా జరిగి క్రాంక్‌ను కొడుతోందని తెలుస్తుంది. తగ్గకుండా అదే వేగం దగ్గర నిలిచి ఉంటే మెలి కంపనాన్ని అనుమానించాలి.

మెలి కంపనం మిగతా వాటికన్నా భిన్నంగా ప్రవర్తిస్తుంది. అది ఇంజిన్‌ను అటూ ఇటూ ఊపదు, కాబట్టి ఛాసిస్ మీద పెట్టిన ఫోన్‌కు దాదాపుగా చిక్కదు. ముందు భాగంలో టైమింగ్ గేర్ల దగ్గర గరగరమనే గుర్రుగానూ, కాళ్ల కింద పలకలో సన్నని జిలగానూ తెలుస్తుంది. ఒక ఇరుకైన వేగ పరిధిలో ఉన్నట్టుండి వచ్చి, వేగం మరో నూరు చుట్లు పెరగగానే మాయమవుతుంది. ఉదాహరణకు ఒక క్రాంక్ సహజ లయ నిమిషానికి 6,000 సార్లు అనుకుందాం. ఆరు సిలిండర్ల ఇంజిన్ ఒక చుట్టుకు మూడుసార్లు పేలుతుంది గనుక 2,000 చుట్ల దగ్గర రెండు లయలూ కలిసి గట్టి గుర్రు వస్తుంది. పేలుళ్ల రెట్టింపు లయ వల్ల 1,000 చుట్ల దగ్గర ఒక చిన్న గుర్రు, చుట్టుకు నాలుగున్నర సార్లు వచ్చే లయ వల్ల సుమారు 1,333 దగ్గర ఇంకొకటి వినిపించవచ్చు. మీ పుస్తకంలో గుర్రుమన్న వేగాలు ఇలా ఒకే సంఖ్యకు భాగాలుగా కనిపిస్తే, మీ కారు తన సహజ లయను తానే చెప్పినట్టు.

ఇక్కడినుంచి డంపర్ దగ్గరకు వెళ్లాలి. ఈ చిన్న చక్రం రెండు విధాలుగా చెడిపోతుంది, ఆ రెండింటినీ వేగమే వేరుచేసి చూపుతుంది. రాపిడి పలకలు తుప్పుపట్టి బిగుసుకుపోతే చక్రం జారడం మానేసి క్రాంక్‌కు అంటుకున్న అదనపు బరువుగా మిగిలిపోతుంది. అప్పుడు సహజ లయ కిందికి దిగుతుంది, గుర్రు ఇంతకుముందుకన్నా తక్కువ వేగంలో, ఎక్కువ బలంతో వస్తుంది. స్ప్రింగులు బలహీనమైనా, పలకలు అరిగి చక్రం వదులుగా తిరుగుతున్నా క్రాంక్‌కు డంపర్ లేనట్టే అవుతుంది, అప్పుడు గుర్రు ఇంతకుముందుకన్నా ఎక్కువ వేగంలో వస్తుంది. అందుకే కారు ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో ఎక్కడ గుర్రుమనేదో తెలిసినవారిని వెతికి అడగాలి.

పెదవాల్తేరులో ఒక షెడ్డులో పన్నెండేళ్లు కదలకుండా నిలిచిన 1920ల నాటి ఆరు సిలిండర్ల బ్రిటిష్ కారును నేను చూడడానికి వెళ్లాను. అప్పటికే ఒక వర్క్‌షాప్‌లో దాని క్రాంక్‌ను రెండుసార్లు గ్రైండ్ చేశారు, అయినా 1,400 చుట్ల దగ్గర స్టీరింగ్ పట్టుకున్న చేతులు జివ్వుమనేలా గుర్రుమనేది. ఆ ఇంట్లో ముప్పై ఏళ్లు ఆ కారు నడిపిన డ్రైవరు గారిని పిలిపించి అడిగితే, “బాబూ, అప్పట్లో ఇంత మెల్లిగా వెళ్లేటప్పుడు ఏమీ ఉండేది కాదు, టాపులో బాగా లాగించినప్పుడు మాత్రం సన్నగా ఒక మూలుగు వచ్చి పోయేది” అన్నారు. గుర్రు కింది వేగానికి దిగిందని ఆ ఒక్క మాటతో తెలిసింది. ముందు మూత తీసి డంపర్ బయటి రింగును చేతి కర్రతో తిప్పితే కదలలేదు. కొంచెం బలం పెంచగానే టప్‌మని వదిలింది. పలకల మధ్య నుంచి ఎండిన గోరింటాకు ముద్దలా తుప్పు, పాత ఆయిల్ కలిసిన గోధుమరంగు పదార్థం రాలింది. పలకలను శుభ్రం చేసి, రాపిడి లైనింగ్ మార్చి, స్ప్రింగులన్నిటినీ ఒకే పొడవుకు సరిచూసి బిగించాక, గుర్రు తన పాత చోటికి వెళ్లి సన్నని మూలుగుగా మిగిలింది. రెండుసార్లు గ్రైండింగ్‌లో పోయిన లోహం మాత్రం పోయినదే. సముద్రపు ఉప్పుగాలి తగిలే మన ఊరిలో ఏళ్ల తరబడి నిలిపిన ప్రతి కారుకూ ఈ డంపర్ పరీక్ష మొదట చేయాలని అప్పటినుంచి పట్టుబడుతున్నాను.

డంపర్‌ను చేతితో పరీక్షించేటప్పుడు రింగుకు ఒక కర్ర బిగించి, దాని చివర స్ప్రింగ్ త్రాసు తగిలించి లాగండి. ఏ బలం దగ్గర రింగు జారిందో చుట్టూ నాలుగైదు చోట్ల చూడాలి. అన్నిచోట్లా అది సమంగా ఉండాలి, ఒక్కసారిగా వదలకుండా మెత్తగా జారాలి. ఎంత బలం ఉండాలన్నది మీ మోడల్ తయారీదారు మాన్యువల్‌లో చూసి పెట్టవలసిందే, అందాజుగా బిగించవద్దు.

ఇవన్నీ చూశాక కూడా వేళ్లు క్రాంక్ వైపే చూపిస్తుంటే అప్పుడు సంపును, అంటే ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టిని, దింపండి. వైట్ మెటల్ అనే మెత్తని లోహం పోసిన బేరింగ్‌లలో సందు సాధారణంగా జర్నల్ వ్యాసంలో అంగుళానికి ఒక థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతు, చొప్పున ఉండాలి. రెండు అంగుళాల జర్నల్‌కు రెండు థౌలు, అంటే 0.05 మిల్లీమీటర్లు. ప్లాస్టీగేజ్ అనే సన్నని మెత్తని దారాన్ని సందులో పెట్టి నొక్కి చూస్తే తెలుస్తుంది. బేరింగ్ క్యాప్ కింద షిమ్‌లు అనే పలుచని రేకులు ఉంటే వాటిని తీసి సందు తగ్గించవచ్చు. క్యాప్‌ను ఆకురాయితో అరగదీసే అలవాటు ఇంకా కొన్నిచోట్ల ఉంది, దానివల్ల రంధ్రం గుడ్డు ఆకారానికి వచ్చి బేరింగ్ త్వరలోనే పోతుంది. మధ్య మెయిన్ బేరింగ్ ఒక్కటే ఎక్కువ అరిగి ఉంటే క్రాంక్ వంగిందని అనుమానించి, దాన్ని బయటకు తీసి రెండు కొసల జర్నళ్లను వీ బ్లాకుల మీద ఉంచి, మధ్య జర్నల్‌కు డయల్ గేజ్ ఆనించి తిప్పి చూడాలి.

కొన్ని ఇంజిన్లలో క్రాంక్ పిన్నులు, అంటే కనెక్టింగ్ రాడ్లు పట్టుకునే జర్నళ్లు, బోలుగా ఉంటాయి. ఆయిల్‌లోని మట్టి తిరుగుడు వేగానికి బయటివైపు చేరి, ఏళ్ల తరబడి గట్టిపడి, ఆయిల్ దారిని మూసేస్తుంది. బిరడాలు విప్పి ఈ బురదనంతా గోకి తీయకుండా బ్యాలెన్సింగ్‌కు పంపితే, ఆ యంత్రం బురదను కూడా క్రాంక్‌లో భాగంగానే తూచి తప్పు చోట లోహం తీయిస్తుంది.

తరువాత పగులు వెతకాలి. పగుళ్లు ఎక్కువగా జర్నల్ తన పక్కనున్న అడ్డ చేతిని, అంటే వెబ్‌ను, కలిసే మూల దగ్గరో, ఆయిల్ రంధ్రం అంచునో పుడతాయి. వంగడం వల్ల వచ్చిన పగులు ఆ మూల వెంబడి అడ్డంగా పోతుంది. మెలి కంపనం వల్ల వచ్చినది ఆయిల్ రంధ్రం నుంచి మొదలై 45 డిగ్రీల వాలుగా, జర్నల్ చుట్టూ తీగ పాకినట్టు పోతుంది. వాలు పగులు కనిపిస్తే డంపర్‌ను బాగుచేయకుండా ఎంత మంచి క్రాంక్ వేసినా అది కూడా పగులుతుంది. పాతవారు క్రాంక్‌ను కిరసనాయిలులో నానబెట్టి, తుడిచి, సున్నపు పూత పూసి, సుత్తితో మెల్లగా తట్టేవారు. పగులులోంచి నూనె ఊరి తెల్లని పూత మీద సన్నని గీత తేలేది. ఆ పద్ధతి పెద్ద పగుళ్లనే చూపుతుంది. ఓడల నిర్మాణం, స్టీల్ ప్లాంట్ ఉన్న మన ఊరిలో వెల్డింగ్ పరీక్షలు చేసేవారి దగ్గర అయస్కాంతంతో, ఇనుప పొడితో సన్నని పగుళ్లను కూడా చూపే మాగ్నెటిక్ పార్టికల్ పరీక్ష చేయించుకోవడం కష్టం కాదు. పరీక్ష ముగిశాక క్రాంక్‌లోని అయస్కాంతత్వాన్ని తప్పక తీయించండి, లేకుంటే ఇంజిన్‌లోని ఇనుప రజను జర్నళ్లకే అంటుకుని బేరింగ్‌లను కొరుకుతుంది.

గ్రైండింగ్ తప్పనిసరి అయితే గాజువాక ఆటోనగర్‌లో గానీ ఎక్కడ గానీ పని అప్పగించేముందు జర్నల్ మూలలోని గుండ్రని వంపును రేడియస్ గేజ్‌తో కొలిచి, ఆ అంకెను కాగితం మీద రాసి ఇవ్వండి. లారీ క్రాంక్‌లకు వాడే రాయి అంచుతో ఆ వంపును చెక్కి పదునైన మూలగా మారిస్తే, కొత్త పగులు సరిగ్గా అక్కడే మొదలవుతుంది. పని అయి వచ్చాక అదే గేజ్‌తో మళ్లీ చూడండి. వరుస ఆరు సిలిండర్ల క్రాంక్‌ను ఒంటరిగానే బ్యాలెన్స్ చేయవచ్చు, రెండు తలాల వీ8 క్రాంక్‌కు మాత్రం పిస్టన్, రాడ్ల బరువుకు బదులుగా కొలిచిన బరువులు బిగించాలి. క్రాంక్ అయ్యాక ఫ్లైవీల్‌ను కలిపి మరోసారి బ్యాలెన్స్ చేయించి, రెండింటి మీదా గుర్తు కొట్టించండి. పిస్టన్లను ఒకటి రెండు గ్రాముల తేడాలోపు, కనెక్టింగ్ రాడ్ల పెద్ద కొసలనూ చిన్న కొసలనూ విడివిడిగా తూచి సరిపెట్టాలి.

తిరిగి బిగించాక మొదటి రోజు వాడిన పుస్తకాన్నే తెరిచి, అవే వేగాల దగ్గర, అదే రోడ్డు మీద, అదే గేరులో మళ్లీ వినండి. కొత్త బేరింగ్‌లు సర్దుకునేదాకా నిండు లోడు ఇవ్వవద్దు, గుర్రుమనే వేగం మిగిలి ఉంటే అక్కడ నిలపకుండా దాటించండి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక, ఇంజిన్ వెచ్చగా ఉండగానే, ఆయిల్‌ను తెల్లని పలుచటి గుడ్డలోంచి వడపోసి గుడ్డను ఎండలో చూడండి. వెండి రజనులా మెరిసే పొడి కనిపిస్తే వైట్ మెటల్ రాలుతోందని అర్థం, కారును మళ్లీ స్టార్ట్ చేయకుండా సంపు దింపండి. గుడ్డ మీద నల్లటి మరక తప్ప ఏమీ లేకపోతే కొత్త ఆయిల్ పోసి మూత బిగించండి.